సాల్మన్ గుండె కోత: వైరస్ దొరికింది సరే, జబ్బు ఉన్నట్టేనా?

అట్లాంటిక్ సాల్మన్‌ను మన దేశంలో పెంచరు. హైదరాబాద్ సూపర్‌మార్కెట్లలో కనపడేది బయటి దేశాల నుంచి వచ్చిన చేపే. కడుపు శుభ్రం చేసి పంపుతారు కాబట్టి అందులో మామూలుగా గుండె కూడా ఉండదు. అయినా ఈ ఊళ్లో సాల్మన్ గుండె జబ్బులతో పని పడేవాళ్లు ఉన్నారు. బయటి దేశాల నమూనాల మీదో డేటా మీదో పనిచేసే ల్యాబుల వాళ్లు కొందరు. మత్స్యశాస్త్రం, పశువైద్యం చదివే పిల్లలు కొందరు. నీళ్లను చల్లబరిచే చిల్లర్లు పెట్టి, ఆ నీళ్లనే తిప్పి తిప్పి వాడుతూ రెయిన్‌బో ట్రౌట్ పెంచేవాళ్లు ఇంకొందరు. ట్రౌట్ సాల్మన్‌కు దగ్గరి చుట్టం. గుండె కట్టుబడి అదే, దానికి పట్టే వైరస్‌లూ కొన్ని అవే, లేదా వాటి తోబుట్టువులు.

ఈ పనిలో జరిగే పెద్ద తప్పు ఒక్కటే. వైరస్ జన్యుపదార్థాన్ని వెదికే పీసీఆర్ పరీక్ష రిపోర్టులో పాజిటివ్ అని కనపడగానే జబ్బు పేరు రాసేయడం. వైరస్ ఉన్న చేపలు చాలా ఉంటాయి, జబ్బుపడ్డవి అందులో కొన్నే. ఏ జబ్బో తేల్చేది గుండెలో ఏ పొర చెడిందన్న సంగతి. అందుకే గదులూ పొరలూ అన్నీ ఒకే స్లైడ్ మీద కనపడేలా గుండెను తీయాలి, నిల్వచేయాలి, కోయించాలి. అక్కడ చెయ్యి తప్పితే ఆ తర్వాత ఎంత ఖరీదైన పరీక్ష చేయించినా బూడిదలో పోసిన పన్నీరే.

ఏ జబ్బు ఎక్కడ మొదలవుతుంది

చేప గుండెలో రక్తం వెళ్లే వరుస ఇది: సిరల రక్తం వచ్చి చేరే సైనస్ వీనోసస్, కర్ణిక, జఠరిక, ధమని మొదట్లో ఉబ్బుగా ఉండే బల్బస్. సాల్మన్ జఠరిక గోడ రెండు రకాల కండరం. పైన గట్టిగా అల్లుకున్న కాంపాక్ట్ పొర, దీనికి కరోనరీ నాళాల నుంచి రక్తం అందుతుంది. లోపల సందులు సందులుగా ఉండే స్పాంజి పొర, ఇది గుండెలోంచి పోయే రక్తంలోని ఆక్సిజన్ మీదే బతుకుతుంది. అన్నిటికీ పైన పల్చని ఎపికార్డియం. ఈ నాలుగు మాటలు, అంటే కర్ణిక, స్పాంజి, కాంపాక్ట్, ఎపికార్డియం, నోటికి వచ్చేసి ఉండాలి. రేపు స్లైడ్ చదివేటప్పుడు ఒక్కోదానికి విడిగా మార్కు వేయాలి.

కార్డియోమయోపతి సిండ్రోమ్, ల్యాబుల్లో సీఎంఎస్ అంటారు. నార్వేలో 1980ల నడుమ మొదట గుర్తించారు. కారణం పిసైన్ మయోకార్డైటిస్ వైరస్, పీఎంసీవీ. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ వైరస్. జబ్బు కనపడ్డాక పాతికేళ్లకు గానీ, అంటే 2010–11 దాకా, దాని ఆనవాలు దొరకలేదు. సముద్రంలో రెండో ఏడు గడుస్తున్న పెద్ద చేపలను, అమ్మకానికి సిద్ధమైనవాటిని, ఎక్కువగా పట్టుకుంటుంది. ఇది కర్ణికలోనూ స్పాంజి పొరలోనూ మొదలవుతుంది. కాంపాక్ట్ పొర చివరిదాకా బాగానే ఉంటుంది. కర్ణిక గోడ పల్చబడి పగిలితే గుండె సంచి నిండా రక్తం. ముందురోజు దాకా మేత తిన్న, కండపట్టిన చేప తెల్లారేసరికి తేలుతుంది.

హార్ట్ అండ్ స్కెలెటల్ మజిల్ ఇన్‌ఫ్లమేషన్, హెచ్‌ఎస్‌ఎంఐ. 1999లో నార్వేలో మొదట చూశారు. కారణం పిసైన్ ఆర్థోరియోవైరస్, పీఆర్‌వీ–1. వైరస్‌ను 2010లో గుర్తించినా, శుద్ధిచేసిన వైరస్‌తో జబ్బు తెప్పించి చూపింది 2017లో. మంచినీటి నుంచి సముద్రానికి మార్చిన 5–9 నెలలకు వస్తుంటుంది. ఎపికార్డియం, కాంపాక్ట్, స్పాంజి అన్నీ వాస్తాయి, వాటితోపాటు ఎర్ర కండరం కూడా. ట్రౌట్‌లో ఇలాంటి జబ్బే తెచ్చేది పీఆర్‌వీ–3. కాబట్టి ట్రౌట్ పెంచేవాళ్లు పీఆర్‌వీ–1 ప్రైమర్లతో (పీసీఆర్‌లో ఆ వైరస్‌కే అతికే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పరీక్ష చేయించుకుని నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండకూడదు.

పాంక్రియాస్ డిసీజ్, పీడీ. పేరులో క్లోమం ఉన్నా గుండెను వదలదు. 1976లో స్కాట్లాండ్‌లో మొదట చూశారు. కారణం సాల్మనిడ్ ఆల్ఫావైరస్, ఎస్‌ఏవీ, ఇది ఒంటి పోగు ఆర్‌ఎన్‌ఏ వైరస్. ముందు క్లోమంలో జీర్ణరసాలు తయారుచేసే భాగమూ గుండె కండరమూ చస్తాయి, కొన్ని వారాలకు ఎర్ర కండరం, తెల్ల కండరం చెడతాయి. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్నది ఈ మూడింటిలో ఎస్‌ఏవీ ఒక్కటే.

ఈ మూడు వైరస్‌లూ మనుషులకు సోకవు. వండేవాళ్లకూ తినేవాళ్లకూ భయం లేదు.

చెయ్యి అలవాటు చేసుకోవడం

మొదటిసారే విలువైన చేప మీద కత్తెర పెట్టొద్దు. తెల్లవారుజామున రాంనగర్ చేపల మార్కెట్‌కు పోయి, కిలో సైజు రవ్వ ఒకటీ బొచ్చె ఒకటీ కోయించకుండా అట్లాగే తెచ్చుకోండి. కోసే ఆయన కత్తిపీట మీద మొప్పలు లాగేస్తే వాటి వెంట గొంతు కిందిభాగమూ ఊడొస్తుంది, గుండె చెత్తబుట్టలో పడుతుంది. ముట్టకుండా ఇమ్మని ముందే చెప్పాలి. కార్ప్ గుండె ఆకారం సాల్మన్‌లా కోసుగా ఉండదు కానీ ఉండే చోటు అదే: రెండు మొప్పల నడుమ, గొంతు వెనక, పొట్ట గదికి ముందున్న చిన్న సంచి. పది చేపలు కోస్తే సంచి చిరగకుండా తెరవడం వస్తుంది. ఆ తర్వాత ట్రౌట్ దొరికితే దాని మీద చేయండి.

పరికరాలకు పెద్ద ఖర్చు లేదు. కోఠి సర్జికల్ దుకాణాల్లో మొన మొద్దుగా ఉన్న కత్తెర ఒకటి, సన్న మొన కత్తెర ఒకటి, పళ్లులేని ఫోర్సెప్స్ రెండు, 22 నంబరు బ్లేడ్లు తీసుకోండి. పళ్లున్న ఫోర్సెప్స్ కొనవద్దు, అది పట్టిన చోటల్లా కండరం నలుగుతుంది. నలిగిన కండరం స్లైడ్ మీద చచ్చిన కండరంలా కనపడి తప్పుదోవ పట్టిస్తుంది.

ఏ చేపను, ఎన్నిటిని

తేలిన చేపలనే ఏరి తెచ్చి పరీక్ష చేయమంటారు చాలామంది. అవి అన్నిటికంటే పనికిరానివి. చచ్చాక క్లోమం తన రసాలతో తానే కరిగిపోతుంది, కొన్ని గంటల్లోనే. హైదరాబాద్ మేలో అయితే ఇంకా ముందే. గుండె కాస్త ఎక్కువసేపు ఓర్చుకుంటుంది కానీ ఎంతసేపైందో తెలియని చేపలో నమ్మకం లేదు. ఊపిరి కష్టంగా తీస్తున్నవి, గోడవారగా ఒదిగి నిలబడ్డవి 5 నుంచి 10, అదే ట్యాంకులో హాయిగా తిరిగే చేపలు ఓ 5, వీలైతే జబ్బులేని ట్యాంకు నుంచి మరో 5 తీయాలి. పోల్చుకోవడానికి బాగున్నవి లేకపోతే గుండెలో కనపడ్డ ప్రతి కణమూ జబ్బులాగే తోస్తుంది.

జబ్బేదీ కనపడని మందలో వైరస్ ఉందా లేదా అని వెదికే పని వేరు. అక్కడ లెక్క ప్రకారం పోవాలి: మందలో నూటికి 10 చేపలకు సోకి ఉంటే పట్టుకోవడానికి సుమారు 30, నూటికి 5 అయితే 60, నూటికి 2 అయితే 150 చేపలు కావాలి, 95 శాతం భరోసాతో. పరీక్ష తప్పకుండా పట్టుకుంటుందన్న లెక్క మీద వచ్చిన సంఖ్యలివి. ఆరు చేపలు చూసి ‘మా ఫార్మ్‌లో ఏమీ లేదు’ అని కాగితం రాయడం కుదరదు.

చంపడం, రక్తం తీయడం

ట్రైకేన్ మత్తు దొరికితే లీటరు నీటికి 250 మి.గ్రా. పైన వేయాలి. అది నీటిని పుల్లగా చేస్తుంది కాబట్టి అంతే బరువు లేదా దానికి రెట్టింపు వంటసోడా కలిపి పీహెచ్ 7–7.5కు తెచ్చుకోవాలి. మన బోరు నీటికి క్షారత ఎక్కువ, అందులో సోడా లేకున్నా గడిచిపోవచ్చు. ఆర్‌వో నీటిలో మాత్రం పీహెచ్ దబ్బున పడిపోయి చేప ఎగిరెగిరి కొట్టుకుంటుంది. ఆ పెనుగులాటకు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) మారుతుంది, గుండెకు రక్తం తన్నుకొస్తుంది. పీహెచ్ పట్టీ ముంచి చూడటానికి పట్టేది అర నిమిషమే.

ట్రైకేన్ లేనప్పుడు లవంగ నూనె. అసలైనదాన్నే తీసుకోండి, ఎసెన్సు వద్దు. నేరుగా నీళ్లలో పోస్తే పైన తెట్టులా తేలుతుంది. 1 వంతు నూనెను 9 వంతుల ఎథనాల్‌లో కలిపి ఆ తర్వాత నీళ్లలో పోసి గిలకొట్టాలి. ఏ మందైనా సరే, మొప్పల కదలిక ఆగాక కనీసం 10 నిమిషాలు అందులోనే ఉంచాలి.

గుండె ముట్టకముందు రక్తం. తోక దగ్గర వెన్నెముక కింద నుంచి రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ పెట్టిన సిరంజితో 0.5–1 మి.లీ. లాగండి. ఇది పక్కపని అనుకుని వదిలేస్తే పీఆర్‌వీ లెక్క అంతా తప్పుతుంది. చేపల ఎర్ర రక్తకణాలకు కేంద్రకం ఉంటుంది, పీఆర్‌వీ పెరిగేది ముందుగా వాటిలోనే. రక్తం నిండిన గుండె ముక్కను పీసీఆర్‌కు పెడితే మీకు వచ్చే సంఖ్య కండరానిదా రక్తానిదా తెలియదు. రక్తం విడిగా ఉంటే పోల్చుకోవచ్చు.

గుండె తీయడం

చేపను కుడిపక్క మీద పడుకోబెట్టండి, తల మీ ఎడమచేతి వైపు. మలద్వారం నుంచి పొట్ట మధ్యగీత వెంట మొద్దు కత్తెరతో గొంతు దాకా, మొన లోపల తగలకుండా పైకి ఎత్తిపట్టుకుని కోయాలి. ముందురెక్కల దగ్గర గట్టిగా తగులుతుంది, అక్కడ తొందరపడితే కత్తెర జారి నేరుగా గుండె సంచిలో దిగుతుంది. వాటి నడుమ ఎముక తెగాక ఆగండి.

ఇక్కడ ఒక్క నిమిషం చూడటానికే. సంచి ఇంకా మూసి ఉంది. మామూలు చేపలో అది పల్చటి మెరుపు పొర, కింద గుండె ఎర్రగా, కోసుగా కనపడుతుంది. సీఎంఎస్ ముదిరిన చేపలో సంచి ఉబ్బి నల్లటి ఎరుపులో ఉంటుంది, తాకితే గడ్డకట్టిన రక్తం మెత్తగా ఆనుతుంది. సంచి తెరవకముందే ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. తెరిచాక ఆ రక్తం మీ కత్తెర చేసిన గాయానిదా, జబ్బుదా అన్నది ఎవరూ చెప్పలేరు. కాలేయం మీద తెల్లటి జిగురు పొర, పొట్టలో నీరు, ఉబ్బిన కళ్లు, పొలుసుల కింద నీరు, ఇవన్నీ రాసుకోండి. పేగులో మేత లేకుండా పచ్చని జిగురు ఉంటే పీడీని మనసులో పెట్టుకోండి. గుండె పాలిపోయి, కాలేయం పచ్చగా, ప్లీహం ఉబ్బి ఉంటే హెచ్‌ఎస్‌ఎంఐని. కంటితో చూసినంతలో పేరు పెట్టేయొద్దు, ఈ మూడింటి పైలక్షణాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

సంచి తెరిచాక తెల్లగా, సాగే బల్బస్‌ను ఫోర్సెప్స్‌తో పట్టుకోండి. గుండెను పట్టుకోవడానికి తగిన చోటు అదొక్కటే. బల్బస్ ముందున్న ధమనిని కత్తిరించి, గుండెను కొద్దిగా పైకెత్తి, వెనక సైనస్ వీనోసస్ అవతల రెండో కోత పెడితే మొత్తం ఊడి వస్తుంది. కర్ణిక ముదురు రంగులో వదులుగా వేలాడుతుంటుంది, అది తెగి చేపలోనే ఉండిపోవడం మామూలు పొరపాటు. కర్ణిక లేని గుండెతో సీఎంఎస్ తొలిదశను పట్టుకోవడం కష్టం. చల్లని ఫిజియోలాజికల్ సెలైన్‌లో ఒకసారి జాడించి, లోపలి రక్తం వీలైనంత పోనివ్వండి. పిండకండి.

అరకిలో లోపు చేప అయితే గుండె దాదాపు మొత్తం ఫార్మాలిన్‌లోకే పోవాలి, పీసీఆర్‌కు కావలసిన ఆర్‌ఎన్‌ఏకు జఠరిక కొస నుంచి 3–4 మి.మీ. ముక్క చాలు. ఆ ముక్కలో కాంపాక్ట్, స్పాంజి రెండూ వచ్చేలా లోతుగా కోయాలి, పైపొర గీకితే స్పాంజి రాదు. ప్రతి చేపలో అదే చోటు, అదే సైజు. పెద్ద చేప గుండెను బల్బస్, జఠరిక, కర్ణిక మూడింటి మీదుగా పొడవునా రెండుగా చీల్చండి. ఒక సగం ఫార్మాలిన్‌కు, రెండో సగంలోంచి ఆర్‌ఎన్‌ఏకు.

గుండె ఒక్కటే చాలదు. పార్శ్వరేఖ దగ్గర ఎర్ర కండరమూ తెల్ల కండరమూ రెండూ కలిసిన వేలెడు ముక్క, జీర్ణాశయం చివర వేళ్లలా వేలాడే పైలోరిక్ సీకాల నడుమ కొవ్వుతో సహా ముక్క, కాలేయం, ప్లీహం, హెడ్ కిడ్నీ (మూత్రపిండంలో తల వైపు భాగం) తీయండి. క్లోమం విడిగా కనపడదు, ఆ కొవ్వులోనే చెల్లాచెదురుగా ఉంటుంది. అది త్వరగా కరుగుతుంది కాబట్టి గుండె వెంటనే దాని వంతు.

ఫార్మాలిన్, ఆర్‌ఎన్‌ఏ

షాపులో అమ్మే 37–40 శాతం ఫార్మాల్డిహైడ్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీరులేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఇదే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మాలిన్. లవణాలు మానేసి నీళ్లలో కలిపేస్తే కొన్నాళ్లకు పులుస్తుంది, రక్తం ఉన్న చోటల్లా గోధుమ రంగు పొడి పేరుకుంటుంది. సాల్మన్ గుండెలో నిజమైన మెలనిన్ మచ్చలూ ఉంటాయి, రెండూ కలిస్తే చదివేవాళ్లకు తలనొప్పి. గ్లోవ్స్ వేసుకోండి, గాలాడే చోట చేయండి.

ముక్క ఒకటికి ద్రావణం పది పాళ్లు, తక్కువ కాకూడదు. మందం 5 మి.మీ. దాటకూడదు. మూత బిగించిన చిన్న ట్యూబులో గుండెను కుక్కితే పైన గట్టిపడి లోపల కుళ్లుతుంది. 24–48 గంటలు ఉంచి 70 శాతం ఎథనాల్‌లోకి మార్చండి. ఫార్మాలిన్ ముక్కను ఫ్రీజర్‌లో పెట్టొద్దు, మంచు పలుకులు కణాలను చీలుస్తాయి. ఎండాకాలం వెనకసీటు మీద కారులో వదిలేయడమూ అంతే చెడ్డది. కొరియర్ వాళ్లు ఫార్మాలిన్ సీసాలు తీసుకోరు, అందుకే గట్టిపడ్డ ముక్కలను ఎథనాల్‌తో తడిపిన గాజుగుడ్డలో చుట్టి, రెండు పొరల సంచిలో సీల్ చేసి, బయట డబ్బా పెట్టి, వాళ్ల నిబంధన అడిగి పంపాలి.

ఆర్‌ఎన్‌ఏ ముక్కను, ఆర్‌ఎన్‌ఏ చెడకుండా కాపాడే ఆర్‌ఎన్‌ఏలేటర్‌లో, ముక్కకు కనీసం 5 రెట్లు ద్రావణంలో వేసి, ఓ రాత్రి 4 డిగ్రీల దగ్గర ఉంచి, ఆ తర్వాత మైనస్ 20 లేదా మైనస్ 80. వేసిన వెంటనే ఫ్రీజ్ చేస్తే ద్రావణం లోపలికి పోకముందే గడ్డకడుతుంది. కరెంటు పోయినప్పుడు ఫ్రీజర్ ఎంతసేపు ఆగుతుందో ముందే కొలిచి పెట్టుకోండి. ఇన్వర్టర్ ఉందని ఊరుకుంటే సరిపోదు, అది కంప్రెసర్ లోడు మోస్తుందో లేదో చూడాలి.

స్లైడ్ చదవడం

ల్యాబుకు పంపేటప్పుడు కాగితం మీద గుండె బొమ్మ గీసి, పొడవునా కోత ఎటు కావాలో బాణం పెట్టండి. చెప్పకపోతే ముక్కను పెట్టే చిన్న ప్లాస్టిక్ కేసెట్‌లో అడ్డంగా పడుకోబెట్టి కోస్తారు, కర్ణిక ఒక స్లైడ్‌లోనూ రాదు. మందం 3–5 మైక్రాన్లు, హెచ్ అండ్ ఈ (హెమటాక్సిలిన్, ఇయోసిన్) రంగు.

ఒక్కో పొరకు 0 నుంచి 3 మార్కు వేయండి: ఏమీ లేకుంటే 0, అక్కడక్కడ గుంపులుంటే 1, పలుచోట్ల స్పష్టంగా ఉంటే 2, ఒకదానితో ఒకటి కలిసిపోయి కండరం పోతుంటే 3. చేప ఏ ట్యాంకుదో చదివేవాళ్లకు తెలియకుండా నంబర్లు మార్చి ఇవ్వడం మేలు. పెంపకపు చేపల్లో ఎపికార్డియం మీద పల్చగా కణాలుండటం మామూలే, దాన్ని ఒక్కదాన్నే చూసి జబ్బని రాయవద్దు.

సీఎంఎస్ స్లైడ్ ఒకసారి చూస్తే మరచిపోరు. స్పాంజి పొరలో కండర పోగుల నడుమ నీలిరంగు లింఫోసైట్లు పోగుపడి, పోగులు చారలు పోగొట్టుకుని చితికి ఉంటాయి. దాని పక్కనే కాంపాక్ట్ పొర కొత్తగా కట్టిన ఇటుక గోడలా శుభ్రంగా ఉంటుంది, రెండింటి మధ్య గీత గీసినట్టు. హెచ్‌ఎస్‌ఎంఐలో ఆ గీత ఉండదు, ఎపికార్డియం నుంచి లోపలిదాకా వాపే. పీడీ తొలిరోజుల్లో వాపు పెద్దగా ఉండదు, రెండు పొరల్లోనూ చెదురుమదురుగా ముడుచుకుపోయి ముదురు గులాబీలోకి తిరిగిన చచ్చిన కణాలుంటాయి. ఎక్కడ సందేహం వచ్చినా కండరం ముక్క తీర్పు చెబుతుంది. కండరం బాగుంటే సీఎంఎస్ వైపు, ఎర్ర కండరం వాచి క్లోమం బాగుంటే హెచ్‌ఎస్‌ఎంఐ వైపు, క్లోమం పోయి ఎర్ర, తెల్ల కండరాలు రెండూ చెడితే పీడీ వైపు మొగ్గాలి. రెండు జబ్బులు ఒకే చేపలో ఉండటమూ ఉంది, అప్పుడు ఈ లెక్కలన్నీ కలగాపులగమవుతాయి.

పీసీఆర్‌లో పోయేచోట్లు

పీఆర్‌వీ, పీఎంసీవీ రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. పోగులు విడదీయకుండా రివర్స్ ట్రాన్స్‌క్రిప్షన్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చడం) చేస్తే ప్రైమర్ అతకదు, పాజిటివ్ చేప కూడా బలహీనంగానో నెగటివ్‌గానో వస్తుంది. ఎంజైమ్ వేయకముందు ఆర్‌ఎన్‌ఏను 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు వేడిచేసి వెంటనే మంచులో పెట్టాలి. ఎస్‌ఏవీకి ఈ అవసరం లేదు. ఒకే ట్యూబు నుంచి మూడు పరీక్షలు చేసే ల్యాబుల్లో ఈ మెట్టు జారిపోతుంటుంది, కాబట్టి అడగండి.

గుండె పీచు కండరం. ఆర్‌ఎన్‌ఏ తీసే కాలమ్ కిట్‌లో 20–30 మి.గ్రా. కంటే ఎక్కువ వేస్తే కాలమ్ మూసుకుపోతుంది, ప్రోటీన్లను కరిగించే ప్రోటీనేజ్ కె మెట్టు ఉన్న కిట్ మేలు.

సీటీ అంటే పీసీఆర్‌లో వైరస్ ఆనవాలు కనపడే చక్రం సంఖ్య, అది ఎంత తక్కువైతే వైరస్ అంత ఎక్కువ. ఆ సంఖ్యను ఒంటరిగా చదవొద్దు. ఒక చేపలో పీఎంసీవీ సీటీ 22.0, ట్యూబులో ఆర్‌ఎన్‌ఏ ఎంత పడిందో చెప్పే ఈఎఫ్1ఆల్ఫా జన్యువు సీటీ 14.5. ఇంకోదాంట్లో 25.3, 17.8. వైరస్ సంఖ్యలు మాత్రమే చూస్తే మొదటిదాంట్లో పది రెట్లు ఎక్కువ ఉన్నట్టుంటుంది, ఎందుకంటే 3.3 సీటీ తేడా అంటే పదింతలు. తీసివేసి చూస్తే రెండింట్లోనూ 7.5. రెండో ట్యూబులో ఆర్‌ఎన్‌ఏ తక్కువ పడింది, అంతే.

రోగనిరోధకత ఎక్కడ నిలబడి ఉందో తెలుసుకోవడం

గుండెను చెడగొట్టేది వైరస్ ఒక్కటే కాదు, దాన్ని తరమడానికి వచ్చిన చేప సొంత సైన్యమూ. అందుకే వైరస్ ఎంతుందన్న దానితోపాటు సైన్యం ఏ దశలో ఉందో చూడాలి. చేపలకు లింఫ్ గ్రంథులు లేవు, హెడ్ కిడ్నీ, ప్లీహం, థైమస్‌లే స్థావరాలు. ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ను కణం గుర్తించగానే ఇంటర్‌ఫెరాన్ వస్తుంది, దాని వెంట ఎమ్‌ఎక్స్, వైపెరిన్, ఐఎస్‌జీ15 జన్యువులు లేస్తాయి. వారాల తర్వాత సీడీ8 ఉన్న టీ కణాలు గుండెలోకి దిగి, సోకిన కండర కణాలను గ్రాంజైమ్, పెర్ఫోరిన్‌లతో చంపుతాయి. ల్యాబులో పీఎంసీవీ ఎక్కించిన సాల్మన్‌లో గుండె గాయాలు ముదిరేది సుమారు 8–9 వారాలకు, టీ కణాల జన్యువులు బాగా లేచేదీ అప్పుడే.

దీన్నుంచి చిన్న ప్యానెల్ కట్టుకోవచ్చు: ఎమ్‌ఎక్స్, వైపెరిన్, సీడీ8ఆల్ఫా, గ్రాంజైమ్ ఎ, ఎంహెచ్‌సీ క్లాస్ 1, ఐజీఎం. ఎమ్‌ఎక్స్ ఎక్కువ, సీడీ8 మామూలు, స్లైడ్ శుభ్రం అయితే ఇంకా తొలిదశ. ఈ మందకు గండం ముందుంది, గ్రేడింగులూ (సైజుల వారీగా చేపలను వేరుచేయడం) రవాణాలూ ఇప్పుడే ఆపుకోవాలి. సీడీ8, గ్రాంజైమ్ ఎక్కువ, స్లైడ్ 2–3 అయితే గాయం ముదిరిన సమయం. వైరస్ సీటీ ముప్పై దగ్గర, రెండు రకాల జన్యువులూ తక్కువ, స్లైడ్ శుభ్రం అయితే వైరస్‌ను మోస్తున్న చేపే, జబ్బుచేప కాదు.

ఇక్కడో బోల్తా ఉంది, డేటా మీద పనిచేసేవాళ్లు ముఖ్యంగా పడేది. వాచిన గుండెలో సీడీ8 యాభై రెట్లు పెరిగిందంటే కండరం ఆ జన్యువును నడిపిందని కాదు. ఆ చోటికి టీ కణాలే వచ్చి కూర్చున్నాయి. కణాల మిశ్రమం మారింది. ట్యూబులో రక్తం ఎక్కువున్న నమూనాలో హీమోగ్లోబిన్ జన్యువులు చెలరేగి మిగతావన్నీ తగ్గినట్టు కనపడతాయి, విశ్లేషణలో వాటిని ముందే చూసుకోండి. సాల్మన్ పూర్వీకుల జీనోమ్ ఒకసారి మొత్తంగా రెట్టింపైంది కాబట్టి చాలా జన్యువులకు జంట ప్రతులున్నాయి. ప్రైమర్ రెండింటికీ అతుకుతుందో ఒకదానికేనో వెతికి చూడకపోతే ఒక జన్యువు పేరు మీద రెండింటి లెక్క వస్తుంది. యాంటీబాడీలతో రంగు వేసేటప్పుడు మనుషులకో ఎలుకలకో చేసినవాటి మీద భరోసా వద్దు, సాల్మన్ ప్రోటీన్ మీద తయారైనవే వాడాలి.

ఫలితం వచ్చాక

మందు లేదు. యాంటీబయాటిక్ వేయడం డబ్బు దండగ, పైగా నీటిని శుద్ధిచేసే బయోఫిల్టర్ బ్యాక్టీరియాకు చేటు. టీకాలు ఉన్నది పీడీకే, యూరప్‌లో ఒక డీఎన్‌ఏ టీకాకు 2017లో అనుమతి వచ్చింది. కాబట్టి చేయగలిగింది గుండె మీద బరువు తగ్గించడం. వలవేయడం, గ్రేడింగ్, ట్యాంకు మార్చడం మానుకోండి. ఆక్సిజన్‌ను సంతృప్త స్థాయికి 80 శాతం తగ్గనీయకండి, స్పాంజి పొరకు అదే ప్రాణం. నీటి ఉష్ణోగ్రత ఒక్కసారిగా మారనివ్వకండి. చిల్లర్ ఆగి మళ్లీ వేసేటప్పుడు నీటిని దభాలున చల్లబరచకుండా నెమ్మదిగా దించాలి. మేత తగ్గించండి. జబ్బుగుండె ఉన్న చేప ఊరికే ఈదుతూ బతుకుతుంది, తరిమితే చస్తుంది.

అనుమానం గట్టిపడితే రాష్ట్ర మత్స్యశాఖకు తెలపాలి. చేపల జబ్బుల జాతీయ నిఘా కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది, దానికి ‘రిపోర్ట్ ఫిష్ డిసీజ్’ అనే మొబైల్ యాప్ కూడా ఉంది. రాజేంద్రనగర్ వైపు చేప ఆకారంలో ఉన్న జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు భవనం అందరికీ తెలిసిందే కానీ నమూనా డబ్బా పట్టుకుని అక్కడికి పోవద్దు, అది పథకాల ఆఫీసు. చల్లని నీటి చేపల విషయంలో సలహాకు ఉత్తరాఖండ్‌లో భీమ్‌తాల్‌లోని ఐసీఏఆర్ సంస్థ ఉంది.

కోసిన మిగులును నాలాలోనో వీధి కుక్కలకో వేయొద్దు, సున్నం చల్లి లోతుగా పాతండి లేదా కాల్చండి. పీఆర్‌వీ, పీఎంసీవీలకు కొవ్వుపొర లేదు. అలాంటి వైరస్‌లకు స్పిరిట్ అంతగా పనిచేయదు, ఎస్‌ఏవీ దానికి త్వరగా లొంగుతుంది. చేపకూ చేపకూ నడుమ కత్తెరను సబ్బుతో కడిగి, బ్లీచ్‌లో ముంచి, శుభ్రమైన నీటితో బ్లీచ్ పోగొట్టి, ఆ తర్వాతే స్పిరిట్‌తో తుడవండి. బ్లీచ్ మిగిలితే తర్వాతి చేప ఆర్‌ఎన్‌ఏ నాశనమవుతుంది, ముంచకపోతే ముందు చేప వైరస్ తర్వాతి ట్యూబులోకి పోతుంది. అందుకే కోసే వరుస కూడా బాగున్న చేపలతో మొదలుపెట్టి జబ్బువాటితో ముగించాలి. పెన్సిల్‌తో రాసిన కాగితం చీటీ ట్యూబు లోపల కూడా ఒకటి వేయండి, ఎథనాల్ తగిలితే ట్యూబు మీది మార్కర్ రాత చెరిగిపోతుంది.